సవతి నగలు

కుట్టు షాపు,
కిటికీ పక్క మిషను.

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఫోను మీ బావ కుర్చీ పక్కనే ఉంటుంది. పైగా నీ షాపుకు ఫోను చేస్తే నీ గొంతు కంటే పాలిష్ చక్రం మోతే ఎక్కువ వినిపిస్తుంది. ఇది గుట్టుగా అడగాల్సిన సంగతి. జవాబు ఇంటికి రాయకు, ఇక్కడికి రాయి.

సంగతి నా సవతిది. అదేరా, మీ బావ టాక్సీ. పెళ్లయిన నాటి నుంచీ పొద్దున్నే నా మొహం చూడకముందే దాని మొహం తుడిచిన మనిషి ఆయన. పురుటికి వెళ్లేవాళ్లు, రైలు అందుకోవలసినవాళ్లు, కోర్టు వాయిదాలకు పరిగెత్తేవాళ్లు, ఊరంతా ఆ బండెక్కింది, నేను తప్ప. ఎప్పుడడిగినా ఒకటే మాట: "బాడుగలు మానెయ్యనీ, నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి సముద్రం దాకా తీసుకెళ్తా." నిరుడు బాడుగలు మానేశారు. ఆ వారంలోనే బండిని వాకిట్లోకి వెనక్కి తెస్తూ గేటు స్తంభానికి గుద్దారు. నేను ఒక్క మాట అన్నాను, "కళ్లు కనబడట్లేదా?" అని. అంతే. దిగి, తాళం గూట్లో పెట్టి, "అవును, కళ్లు పోయాయి, ఇక నడపను" అన్నారు. నలుగురి చేత గోడవారకు తోయించి పరదా కప్పేశారు. ఇప్పుడేమో వానలు తగ్గగానే తుక్కు కొట్టాయన్ని వచ్చి పట్టుకుపొమ్మన్నారట.

బతిమాలాను, అలిగాను, కూర మాడబెట్టాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. బండి లోపల బాగానే ఉంది, పైకి ముసలిదైంది, అంతే. పక్కల వెంట పోయే లోహపు పట్టీలు, కిటికీల అంచులు, ముందు బంపరు అన్నీ ఒకప్పుడు ధగధగలాడేవి. ఆ నగలన్నీ ఇప్పుడు సున్నం పూసినట్టున్నాయి. అవి మళ్లీ మెరిస్తే చాలు, ఆయన చెయ్యి తాళం మీదికి దానంతటదే పోతుంది. సాయంత్రం ఆయన టీ బంకు బెంచీకి వెళ్లినప్పుడు గోడవైపు పరదా ఎత్తి పని చేసుకుంటాను. వాకిట్లోంచి చూస్తే కనబడదు.

సవతి నగలకు నా చేత్తో మెరుగు పెట్టడం కూడా నా రాతే.

నిన్న మొదలుపెట్టేశాను కూడా. గిన్నెలు తోమే పీచు పెట్టి, మోరీ శుభ్రం చేసే పొడి వేసి ఒక పట్టీ గట్టిగా తోమాను. నల్లబడింది. ఏం చెయ్యాలి?

అక్క


పాలిష్ షాపు,
మోత ఆగిన భోజనాల వేళ.

అక్కా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. మోరీ పొడా? అది అల్యూమినియం తల్లీ! ఆ ఘాటు దానికి పడదు, కాలిపోయినట్టు నల్లబడుతుంది. బొబ్బలెక్కలేదంటే మీ పట్టీ మంచి గుండె గలది.

కాస్త ఓపిగ్గా చదువు. ఆ పట్టీల మీద ఒక పల్చటి పొర ఉంటుంది, తయారు చేసేటప్పుడే కట్టిస్తారు. కొత్తలో గాజులా లోపలి మెరుపును కాపాడుతుంది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ అదే పాడై తెల్లగా పూస్తుంది. ఆ పొరను తియ్యకుండా నువ్వు తెల్లారేదాకా తోమినా మెరుపు రాదు. తీశాక కింద అసలు లోహం వస్తుంది. దాన్ని నునుపు చెయ్యాలి, తర్వాత మెరుగు పెట్టాలి, ఆఖర్న మైనం రాసి గాలి తగలకుండా మూసెయ్యాలి.

మొదట సబ్బునీళ్లతో కడుగు. పట్టీకి పైనా కిందా రంగు మీద బంక టేపు అతికించు, లేకపోతే బావ బండి రంగు కూడా గీక్కుపోతుంది. గరుకు కాగితాలు బస్సులో పంపిస్తున్నాను. వాటిని నీళ్లలో తడిపి రుద్దు, గరుకుది ముందు, మెత్తది చివర. ఎక్కడా కంగారు పడి ఒక కాగితం వదిలెయ్యకు, ముందుదాని గీత ఆఖర్న నిన్ను చూసి నవ్వుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గుండ్రంగా తిప్పకు! నీది గిన్నెలు తోమే చెయ్యి, నాకు తెలుసు. పట్టీ ఎటు పోతే చెయ్యి అటే పోవాలి, పొడుగ్గా. చివర పాలిష్ ముద్ద గుడ్డకు అద్ది రుద్దు. గుడ్డ నల్లబడితే భయపడకు, ఆ నలుపు పని జరుగుతున్నట్టు. బంపరు మాత్రం వేరు, దానిది ఉక్కు మీద పూత. తుప్పు చుక్కలున్నచోట వంటింటి రేకు కాగితం ఉండచుట్టి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దు, చాలు.

పట్టీలు విప్పి నాకు పంపితే చక్రం మీద ఒక పూటలో అద్దాలు చేసి ఇస్తాను. గోడ పక్కన నీకు విప్పే చోటు లేదంటావేమో, అందుకే ఇంత పాఠం.

బావకు తెలిస్తే నా పేరు చెప్పకు.

తమ్ముడు


కుట్టు షాపు,
గుండీల డబ్బాల వెనక.

ఒరేయ్ గురువుగారూ,

నీ పొట్లం అందింది. నీ పాఠం పుణ్యమా అని రెండు తలుపుల పట్టీలు, ఒక కిటికీ అంచు పూర్తయ్యాయి. గోడకూ బండికీ మధ్య చోటు ఎంతంటే, నేను ఊపిరి వదిలి లోపలికి దూరాలి. పీల్చానా, ఇరుక్కున్నట్టే. మొన్న తుమ్ము వచ్చింది. ఆ కష్టం నీకేం తెలుస్తుంది?

మొదటి రోజు ఎంత రుద్దినా నీళ్లు పాలల్లా తెల్లగా కారాయి తప్ప మెరుపు లేదు. నిన్ను నానా మాటలూ అన్నాను. మూడో కాగితం దగ్గర ఎక్కడో వేలి కింద జారడం తెలిసింది. గరుకు పోయి పట్టులా జారింది. ముద్ద రాసి గుడ్డతో లాగేసరికి, ఒరేయ్, నేను గట్టిగా అరిచాను! మొహం కనిపించేంత అద్దం కాదు. మెత్తటి మెరుపు, వెన్నెల లాంటిది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఏమైందమ్మా?" అంటే తేలు అన్నాను. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చేసింది. ఇద్దరం కలిసి లేని తేలును వెతికాం.

ఇక్కడ షాపులో మా యజమానురాలు నా మీద గుర్రుగా ఉంది. బడి పిల్లల తెల్ల చొక్కాల మీద నా వేళ్ల ముద్రలు నల్లగా పడుతున్నాయట. "ఇంట్లో బొగ్గు గని తవ్వుతున్నారా?" అంది.

మరో సంగతి. మీ బావకు ఈ మధ్య హుషారు ఎక్కువైంది. పొద్దున నన్ను షాపుకు ఆయనే తరుముతున్నారు, ఆలస్యమైపోతోందని. రాత్రి అన్నం తింటుంటే చూశాను, ఆయన గోళ్లూ నల్లగా ఉన్నాయి. అడిగితే సైకిలు గొలుసు వేశానన్నారు. మనకు సైకిలెక్కడిది? పక్కింటాయనదట. సరే పోనీలే, ఏదో ఒక పని.

వచ్చే వారం మీ ఊరు వస్తారట, కళ్లజోడు మార్పించుకోవడానికి. ఈ ఊళ్లో కళ్లజోళ్ల షాపులే లేనట్టు! నీ దగ్గరికి వస్తే నోరు జారకు. నీ కడుపులో మాట దాగదని చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు.

అక్క


పాలిష్ షాపు.

అక్కా,

బావ వచ్చాడు, వెళ్లాడు. కళ్లు చూపించాం. జోడు కొద్దిగా మార్చారు. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. గోడ మీది పట్టికలో అన్నిటికన్నా కింది వరుస గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

ఇంకేం లేదు. అసలేం లేదు.

ఒక్క సలహా. గోడవైపు పని పూర్తయ్యేదాకా వాకిలివైపు పరదా ఎత్తి చూడకు. ఎందుకని అడగకు. మా పనిలో అదొక పద్ధతి. ఒక వైపు అయ్యాకే రెండో వైపు చూడాలి.

షాపులో పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
అరుగు మీద, అందరి ముందూ.

ఒరేయ్ దొంగా,

పద్ధతా? నీ పద్ధతి మండ!

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన. పరదా తాళ్లు తెంచుకుని గుర్రంలా లేచింది. నేను గోడవైపు అంచు పట్టుకున్నాను, టీ బంకు నుంచి పరిగెత్తుకొచ్చి ఆయన వాకిలివైపు అంచు పట్టుకున్నారు. "నువ్వు లోపలికి పో, నేను చూసుకుంటా" అని ఆయన, "మీరే పోండి, తడుస్తారు" అని నేను. ఇద్దరికీ ఒకే కంగారు, రెండోవాళ్లు తమ వైపు చూస్తారని. గాలి ఊరుకుంటుందా? పరదా ఎగిరి పక్కింటి మేడ మీద పడింది.

ఆ వైపు పట్టీలు చూసి నేను నోరు తెరిచాను. అద్దం రా! వాన చుక్కలు దాని మీద నిలబడలేక జారిపోతున్నాయి. ఆయన ఇటు తిరిగొచ్చి నా వైపు పట్టీలు చూశారు. వంగి వేలితో తాకి, "పొడుగ్గా రుద్దావా?" అన్నారు. గుండ్రంగా రుద్దానా అని అనుమానం! "మరి మీవి సైకిలు గొలుసు గోళ్లా?" అన్నాను. వానలో తడుస్తూ ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. పట్టీలు విప్పి దుప్పట్లో చుట్టి నీ షాపుకు మోసుకొచ్చారట కదా. ఒక పక్క నాకు పాఠాలు, ఇంకో పక్క ఆయనకు చక్రం. ఇద్దరి దగ్గరా మంచివాడివి అయిపోదామని!

ఇప్పుడు మా బండికి రెండు మొహాలు. వాకిలివైపు అద్దం, గోడవైపు వెన్నెల. రెండూ ఒకేలా ఉండాలి కదా, మీది కొంచెం తగ్గించండి అంటే, నీది పెంచుకో అంటారు. పక్కింటాయన తీర్పు చెప్పబోతే ఇద్దరం కలిసి పంపేశాం.

ఇంతవరకు నవ్వే. మర్నాడు కాఫీ ఇస్తూ "అయితే తుక్కు కొట్టాయన్ని రావద్దని చెప్పండి" అన్నాను. ఆయన కప్పులోకి చూస్తూ, "అదెలాగ? మాట ఇచ్చేశాను. ఇన్నాళ్లు అన్నం పెట్టిన బండి, పంపేటప్పుడు మొహం కడిగి పంపాలి కదా, అందుకని చేశాను" అన్నారు. విన్నావా తమ్ముడూ? నేను ఉంచడానికి తోమాను, ఆయన పంపడానికి తోమారు.

ఇంకో వింత. రెండు పక్కలూ అయ్యాయి, బంపరు అయింది. వెనక డిక్కీ మీది పట్టీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, స్తంభానికి తగిలి ఒక కొస వంగిన పట్టీ. "రండి, ఇది ఇద్దరం చేద్దాం" అంటే ఆయన మొహం అదోలా అయింది. లోపలికి పోయారు. ఆ వెనక వైపుకే రారు. దులిపేటప్పుడు కూడా రెండు పక్కలే దులుపుతారు.

నా మీద కోపమే అయితే ఒక్క మాటకు ఇంత కాలమా? నీకేదో తెలుసు. బావకు మాటిచ్చానని నసగకు. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగింది మీ బావ కాదు, నేను.

అక్క


పాలిష్ షాపు,
షట్టరు దించాక.

అక్కా,

మాటిచ్చిన మాట నిజం. కానీ నువ్వు తప్పుగా అనుకుని కుమిలిపోతుంటే నేను మంచివాడినని కూర్చోలేను. బావ తిడితే పడతాను.

ఆ రోజు కళ్లజోళ్ల షాపు నుంచి వచ్చాక పట్టీ తనే చక్రానికి పట్టుకుంటానన్నాడు. పొడుగు పట్టీ, ఒక కొస పట్టుకుంటే రెండో కొస కొట్టుకుంటుంది. చక్రం లాక్కుని విసిరింది. పోయి రేకు తలుపుకు తగిలింది, ధన్‌మని. బావ కూలబడిపోయాడు అక్కా. దెబ్బ తగలలేదు, నేను చూశాను. కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్లు తాగించి, "కళ్లు అంత బాగున్నాయి కదా బావా, ఎందుకు మానేశావు?" అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆ రోజు వెనక నిలబడి మీ అక్క రానీ రానీ అంటోంది. ఆ మాట పట్టుకునే వెనక్కి తెస్తున్నా. అద్దంలో దాని చీర కనబడుతోంది. ఒక్క క్షణం మాట ఆగింది, అద్దంలో చీర లేదు. ధన్‌మంది. స్తంభం అనుకోలేదురా నేను. మీ అక్కే అనుకున్నా. తల తిప్పి చూసే ధైర్యం లేక స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయా. అప్పుడు కిటికీ దగ్గరికొచ్చి, కళ్లు కనబడట్లేదా అని తిట్టింది. జన్మలో ఇంత తియ్యటి మాట వినలేదు. తర్వాత ఎప్పుడు తాళం చేతిలోకి తీసుకున్నా ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. బండి పోతే చప్పుడూ పోతుందని చూస్తున్నా."

కోపం కాదక్కా. నీ మాట ఆయన్ని ఆపలేదు. నీ మాట ఆగిన ఆ ఒక్క క్షణం ఆపేసింది.

ఇంతకీ ఆ క్షణంలో నువ్వెక్కడికి పోయావు?

తమ్ముడు


కుట్టు షాపు.

తమ్ముడూ,

పాలమ్మాయి పిలిస్తే పక్కకు జరిగాను. చెంబు అందుకోవడానికి. అంతే.

నీ ఉత్తరం అందింది. చదివి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా యజమానురాలు తన కుర్చీ తెచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు పని ఉంది. తర్వాత రాస్తాను.

అక్క


పాలిష్ షాపు.

అక్కా,

ఇదేం బాగులేదు. తర్వాత రాస్తానన్నావు, ఆ తర్వాత ఎప్పుడో చెప్పలేదు. ఇక్కడ వానలు తగ్గిపోయాయి. తుక్కు కొట్టాయన వచ్చాడా? బావకు తెలిసిపోయిందా? నా మీద కోపంగా ఉన్నాడా? నీ ఉత్తరం వస్తుందేమోనని వీధి వైపు చూస్తూ నిన్న ఒక ఖాతాదారు బంపరు మీద గీత పెట్టాను. నాకు గీత పడటమా!

ఒకవేళ, ఒకవేళ మాత్రమే, సముద్రం దాకా పోవడం జరిగితే పట్టీలకు మైనం రాయకుండా వెళ్లొద్దు. ఉప్పుగాలి తగిలితే మళ్లీ తెల్లగా పూస్తాయి. రెండు పూతలు వెయ్యి.

తమ్ముడు


సముద్రం ఒడ్డు,
ముందు సీటు.

ఒరేయ్ తమ్ముడూ,

పైన రాసిన చోటు చదివావా? మళ్లీ చదువు.

మైనం రెండు పూతలు వేశాకే బయలుదేరాం. ఆ మాట ముందే చెప్తున్నాను, లేకపోతే ఉత్తరం చదవకుండా దాని గురించే బెంగపడతావు.

నువ్వు చెప్పిన సంగతి ఆయన దగ్గర వెంటనే ఎత్తలేదు. వెనక పట్టీ నేనే విప్పి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. "వంకర తియ్యాలి, ఒక్కదాని వల్ల కాదు, చెక్క మీద ఆనించి పట్టుకోండి" అన్నాను. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత వచ్చి పట్టుకున్నారు. నేను మెల్లగా కొడుతుంటే ప్రతి దెబ్బకూ ఆయన కళ్లు మూసుకున్నారు. అప్పుడు కొట్టడం ఆపకుండానే చెప్పాను, "ఆ రోజు పాలమ్మాయి పిలిస్తే పక్కకు జరిగానండీ. స్తంభానికి బారెడు దూరంలో ఉన్నాను, చెంబుతో." ఆయన తల ఎత్తలేదు. "నీకెవరు చెప్పారు?" అన్నారు. నీ పేరు చెప్పాను, ఏమనుకుంటావో అనుకో. "వాడి కడుపులో మాట దాగదు" అన్నారు. కోపంగా అనలేదు. ఆ పట్టీకి ఇద్దరం చెరో కొస నుంచి రుద్దుకుంటూ వచ్చాం.

మర్నాడు తుక్కు కొట్టాయన లారీతో వచ్చాడు. "వాకిట్లోకి లారీ పట్టదు, బండి వీధిలోకి తెచ్చి ఇవ్వండి" అన్నాడు. మంచి బ్యాటరీ నేను ముందే పెట్టించి ఉంచాను, నా సంగతి నీకు తెలుసు కదా. మీ బావ తాళం తీసుకుని ఎక్కారు. ముందుకు కాబట్టి సాఫీగా వీధిలోకి తెచ్చారు. దిగబోతుంటే నేను వెళ్లి గేటు స్తంభం పక్కన, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను.

"ఇప్పుడు వెనక్కి లోపలికి తీసుకురండి."

"పక్కకు జరుగు."

"జరగను. రండి."

"నీకు చెప్తే అర్థం కాదా? జరుగూ!"

"ఊరంతా ఎక్కిన బండి. నేనెక్కకుండా ఎక్కడికి పోతుందో చూస్తాను. రండి!"

లారీ పక్కన తుక్కు కొట్టాయన బీడీ ఆర్పేసి చూస్తున్నాడు. పక్కింటివాళ్లు గోడ మీద. మీ బావ చాలాసేపు అద్దంలోకి చూశారు. ఆ తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టి, "అయితే నువ్వు మాట్లాడుతూ ఉండు. ఆపకు. ఒక్క క్షణం కూడా ఆపకు" అన్నారు.

ఒరేయ్, మాట్లాడమని నన్ను అడగాలా? రానీ రానీ తో మొదలుపెట్టాను. పెళ్లినాటి తిట్ల నుంచి మొన్నటి సైకిలు గొలుసు దాకా అన్నీ వరసపెట్టాను. నవ్వుతూ తిట్టాను, ఏడుస్తూ తిట్టాను. బండి నా గొంతు పట్టుకుని వేలెడు వేలెడు వచ్చింది. పాలమ్మాయి పిలిచింది, నేను చూడలేదు. "ఆపండి" అనగానే ఆగింది. వెనక పట్టీకీ స్తంభానికీ మధ్య నా చెయ్యి పడుతుంది. ఆ పట్టీలో నా చీర రంగు సగం అద్దంలా, సగం వెన్నెల్లా కనబడింది. ఆయన దిగొచ్చి ముందు పట్టీని చూడలేదు, స్తంభాన్ని చూడలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని నన్ను చూశారు, వీధంతా చూస్తుండగా.

తుక్కు కొట్టాయన పాపం తల గోక్కుని, "అమ్మగారూ, ఇంతకీ నాకేమైనా ఉందా లేదా?" అన్నాడు. చిరిగిన పరదా మడతపెట్టి ఇచ్చాను. ఇక దాంతో మాకు పని లేదు.

మీ బావ కాగితం లాక్కుంటున్నారు. సముద్రం గురించి ఇంకా రాయనే లేదు. పెద్దదిగా ఉంది, అంతే.

అక్క


బావమరిదీ,

నీ కడుపులో మాట దాగనందుకు నీకు రుణపడ్డాను. వెనక పట్టీ అద్దం చెయ్యాలా, వెన్నెల చెయ్యాలా అని ఇక్కడ ఇంకా తేలలేదు. నువ్వు మాత్రం తీర్పు చెప్పకు.

మీ అక్క దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. బండి ఆగి గంటయింది. ఇంకా మాట్లాడుతూనే ఉంది. నేను ఆపమనలేదు.

బావ